ముక్క చూడకుండానే

బిక్షపతికి కోపం తొందరగా రాదు. వచ్చిందంటే మాత్రం తొందరగా పోదు. ఇరవై రెండేళ్లుగా సూరత్‌లోని ఒక డైయింగ్ మిల్లులో రంగుల మాస్టర్ ఆయన. వెయ్యి మీటర్ల బట్ట రంగు తొట్టిలో దిగాలంటే ముందు దాని అంచు నుంచి బెత్తెడు ముక్క కత్తిరించి, చిన్న గిన్నెలో రంగు పట్టించి చూడాల్సిందే. మిల్లు యజమాని సేఠ్ ఎంత తొందరపెట్టినా వినడు. ఒకే మగ్గం మీద నేసిన రెండు థాన్లు కూడా రంగును ఒకేలా పీల్చుకోవని ఆయనకు తెలుసు.

అలాంటి మనిషి భార్య భాగీరథికి ఊపిరితిత్తుల్లో గడ్డ తేలింది. అందులోంచి ముక్క తీసి, క్యాన్సరేనని చెప్పి, అది చెడిపోకుండా మైనంలో పెట్టి ఆసుపత్రి అలమారాలో దాచారు. కూతురు హారతి ఒక ల్యాబులో పనిచేస్తుంది. ఆ ముక్కకు జన్యు పరీక్ష చేయిస్తే ఏ మందు పనిచేస్తుందో కొంతవరకు ముందే తెలుస్తుందని తండ్రికి అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పింది.

ఆమెకు వైద్యం చేసే డాక్టర్ మురళీకృష్ణ తెలుగువాడే, గుంటూరు వైపు మనిషి. ఆ పరీక్ష చేయించమని ఆయన్ను అడిగారు.

“అవన్నీ కొత్తగా వచ్చినవండీ. మా పద్ధతి ప్రకారం ముందు నాలుగు విడతలు మామూలు కీమో ఇస్తాం. పని చెయ్యకపోతే అప్పుడు చూద్దాం.”

“ముక్క మీ తాననే ఉంది గద సారూ. జర పంపుండ్రి.”

“వైద్యం మాకు వదిలెయ్యండి పెద్దాయనా.”

హారతి ఇంకేదో అనబోతే బిక్షపతే ఆపాడు. “ఈడ డాక్టరే మాస్టర్. మాస్టర్ మాటకు అడ్డం రావద్దు బిడ్డా” అన్నాడు. మిల్లులో తన మాటకు ఏ పనివాడూ ఎదురుచెప్పడు. చెబితే తను ఊరుకోడు. ఆ అలవాటే ఇక్కడ ఆయన నోరు కట్టేసింది.

నాలుగు విడతలయ్యాయి. భాగీరథికి జుట్టు పోయింది, తిండి పోయింది. స్కాన్‌లో గడ్డ మాత్రం ఇంకా పెరిగింది. ఎవరి కోసం ఈ నాలుగు విడతలు? పద్ధతి కోసం. అప్పుడు పంపారు ముక్కను. రెండు వారాల్లో రిపోర్టు వచ్చింది. ఈ గడ్డకు సరిపోయే మాత్ర ఉందట, రోజుకొకటి. వేసుకున్న రెండు నెలలకు గడ్డ సగమైంది.

“చూశారా, మంచి రిజల్టండీ!” అని డాక్టర్ నవ్వాడు. ఆ నవ్వు చూసి బిక్షపతికి ఒళ్లు మండిపోయింది.

“బట్టకు జేస్తం సారూ గీ పని! మూడొందల చీరకు జేస్తం! ముక్క జూడకుంట తొట్ల దింపితే సేఠ్ నన్ను ఆ పూటే బైటికి నూకుతడు. నా పెండ్లాన్ని గట్లనే దింపిండ్రు గద! మిమ్ములను ఎవరడగాలె?”

“అప్పటికి మా నియమాల్లో లేదండీ.”

“ఇప్పుడున్నదా?”

“కమిటీ పరిశీలిస్తోంది” అంటూ డాక్టర్ తర్వాతి ఫైలు తెరిచాడు.

ఇక పోదాం పదమని భాగీరథి భర్తను పట్టి లాగింది. కీమో ఆమె వేళ్లలో స్పర్శను తీసుకుపోయింది, మాత్ర దాన్ని తిరిగి తేలేదు. తను పట్టుకున్నది ఆయన చెయ్యో, చొక్కా అంచో వంగి చూసుకుంటే గాని ఆమెకు తెలియలేదు.