బావ అన్న మాట, బాపు పాటలు

నన్ను ఎవరేమన్నా నేను మరిచిపోను. అక్క పెళ్లి బంతిలో నన్ను దాటేసి పక్కావిడకు కూర వడ్డించినాయన కరీంనగర్ బస్టాండులో కనబడితే ఇప్పటికీ ముఖం తిప్పుకుంటాను. అలాంటి నన్నే మొన్న క్రిస్మస్‌కు ముందు నా సొంత కంప్యూటర్ మతిమరుపుదాన్ని చేసింది.

మా నాన్నను బాపు అంటాం. ఆయన నస్పూర్‌లో బొగ్గుబాయి పని చేసేవాడు. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునేది ఆయనే. ఆ పాటలన్నీ రికార్డు చేసి కంప్యూటర్‌లో పెట్టుకున్నాను. తర్వాత గొంతుకు ఆపరేషనైంది. మాట తిరిగొచ్చింది గాని పాట రాలేదు. చర్చి పెద్దమనిషి ఒకాయన నా దగ్గర ఒక పాట అడిగి తీసుకుని, తానే పాడినట్టు అందరి ఫోన్లకూ పంపాడు. ఆ రోజే పాటలన్నింటికీ తాళం వేశాను.

కంప్యూటర్‌లో తాళంచెవి అంటే ఒక చిన్న ఫైలు. అది పనిచేయాలంటే ఒక రహస్య వాక్యం కొట్టాలి. ఎప్పటికీ మరిచిపోని వాక్యం పెట్టుకోమని కంప్యూటరే సలహా కూడా ఇచ్చింది. నేను మరిచిపోనివి ఎత్తిపొడుపులే కదా! ఆ కంప్యూటర్ కొన్న రోజు మా బావ, అంటే అక్క భర్త, దాన్ని అన్నం డబ్బాతో పోల్చి ఇంటిల్లిపాది ముందు అన్న మాటను పెట్టాను.

ఈ మధ్య ఆ కంప్యూటర్ పిండిగిర్నీలా మోగడం మొదలుపెట్టింది. పాటలనూ తాళంచెవినీ పెన్‌డ్రైవ్‌లో వేసి కొత్త కంప్యూటర్‌లోకి మార్చాను. మరునాటికి పాతది మొత్తానికే ఆగిపోయింది. అది ఇన్నేళ్లూ ఆ వాక్యాన్ని తనే గుర్తుపెట్టుకుని నన్ను అడగలేదు. కొత్తది అడిగింది.

క్రిస్మస్ పొద్దున చర్చిలో బాపు పాట వినిపిస్తానని అప్పటికే అందరికీ చెప్పేశాను. బాపు పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"గా డబ్బల సద్ది పెట్టుకో, నీకు గదే ఎక్కువ" అని ఇంగ్లిషు అక్షరాల్లో కొట్టాను. తప్పంది. అక్షరాలు అటూ ఇటూ మార్చాను. అయినా తప్పే.

"బావకు ఫోన్ చెయ్యి బిడ్డా," అన్నాడు బాపు.

"నన్ను అన్నోన్నే నేను అడుగుడా?"

"అన్నోనికి యాదికుంటది గదా."

బావ ఖానాపూర్‌లో పత్తి చేను దగ్గర ఉన్నాడు.

"బావా, నా కంప్యూటర్ జూసి ఆనాడు నువ్వేమన్నవ్?"

"ఓయమ్మ! గది ఇంకా మోస్తున్నవా? తిట్టినోనికే ఫోన్ జేసి మళ్ల తిట్టుమనేటిదాన్ని నిన్నే సూస్తున్న."

"పరాచికాలు వద్దు. బాపు పాటలు దానెనుక ఇరుక్కున్నయ్."

అవతల నవ్వు ఆగింది.

"గా డబ్బల సద్ది పెట్టుకుంటవా మరదలా, జర నాకు సుత పెట్టు, అని అన్న నేను. అందరు నవ్విన్రు. నువ్వు సుత నవ్వినవ్."

"నేను నవ్వలే."

"నవ్వినవ్."

నవ్వానో లేదో బావతో తర్వాత తేల్చుకుంటాను. ఆ చివరి సగం మాత్రం నాకు ఎప్పుడో జారిపోయింది. సగం ఎత్తిపొడుపు, సగం అన్నం అడుక్కోవడం అయితే కోపం ఎట్లా నిలబడుతుంది మరి?

ఖాళీలు లేకుండా మొత్తం కొట్టాను. తెరుచుకుంది. ముందు హార్మోనియం, తర్వాత ఎవరిదో దగ్గు, ఆ వెంటనే బాపు గొంతు గదంతా నిండింది. ఆయన తొడ మీద తాళం వేస్తూ విన్నాడు.

"ఎవ్వలో గని మంచిగనే పాడుతుండు," అని నా వైపు కన్ను గీటాడు. ఆ తర్వాత, నేను ఏమీ అడక్కుండానే, "ఏమన్నగాని నీ బావ మతి మంచిది బిడ్డా, నీకన్న నయం," అన్నాడు.

కంప్యూటర్ నాది, తాళం నాది, పొద్దుటినుంచీ తంటాలు పడ్డదీ నేనే. పొగడ్త మాత్రం ఖానాపూర్‌కు పోయింది.

ఆ పూటే రహస్య వాక్యం మార్చేశాను. కొత్తది ఏమిటో చెప్పను. ఆ మాట అన్న మనిషి మాత్రం నా పక్కనే కూర్చుని, తన పాటే మళ్లీ పెట్టమంటున్నాడు.