పడవలకు కట్టిన రంగు

కాసేపు తీరిగ్గా నా పక్కన కూర్చున్నవాళ్ళ ఫోనులో ఏదో ఒక ఆట ఎక్కించిగానీ పంపనని మా ఆయన వేళాకోళం చేస్తుంటాడు. అబద్ధమేమీ కాదు. నరసరావుపేటలో ఒక జూనియర్ కాలేజీలో కంప్యూటర్లు చెప్తాను. నాకు చీరల పిచ్చి లేదు, సీరియళ్ళ పిచ్చీ లేదు. ఎవరూ పట్టించుకోని వీడియో గేములు వెతుక్కుని ఆడటం, ఆడి ఊరుకోకుండా నలుగురికీ అంటగట్టడం, ఇదొక్కటే నా జబ్బు.

అందరూ ఎగబడి ఆడే ఆటలంటే నాకు ఒళ్ళుమంట. తుపాకి దొరకబుచ్చుకుని కనపడిన ప్రతివాణ్ణీ కాల్చడం, కాల్చినందుకు బహుమతులు. వాటికి ప్రచారం చేసేవాళ్ళు కోకొల్లలు. మూతపడబోయే ఒక రైలు స్టేషన్లో ముసలావిడ ఒక్కతే ప్లాట్‌ఫాం ఊడ్చుకుంటూ, దీపాల అద్దాలు తుడుచుకుంటూ, ఎప్పుడో వచ్చే బండి కోసం కాసుకునే ఆట ఒకటుంది. ఎంత బాగుంటుందో చెప్పలేను. మాచర్ల స్టేషన్లో ఆఖరి బండి దిగి, ఖాళీ పెట్టెల వంక ఒక్కసారైనా వెనక్కి తిరిగి చూసినవాళ్ళకి అది తప్పకుండా నచ్చుతుంది. స్క్రీను మొత్తం చీకటిగా ఉండి, చప్పుళ్ళు వింటూ దారి కనుక్కునే ఆట ఇంకొకటుంది. ఈ రెండూ మా స్టాఫ్ రూములో అందరికీ చెప్పాను.

"ఇందులో కాల్చేదేమీ లేదా మేడం?" అన్నాడు ఫిజిక్స్ సారు.

"లేదు సార్."

"మరి గెలిచేది ఎట్టా?"

ఆయనకి ఫిజిక్స్ ఎవరు చెప్పారోగానీ, ఆయనకి నేను మళ్ళీ ఏ ఆటా చెప్పలేదు.

నేను చెప్పిన ఆట ఆడి, ఎట్లా ఉందో మళ్ళీ వచ్చి నాకు చెప్పిన మనిషి ఈ భూమ్మీద మా చెల్లి ఒక్కతే. దాన్ని మా ఊళ్ళోనే, మా మేనమామ కొడుక్కి ఇచ్చారు. గురజాల దగ్గర పల్లె. మా పుట్టిల్లూ దాని అత్తగారిల్లూ రెండు వీధుల తేడా. పిల్లాడు నిద్రపోయినప్పుడు అది ఆడేది, నేను కాలేజీ నుంచి వచ్చాక ఆడేదాన్ని. ఫోనులో మా కబుర్లన్నీ వాటి గురించే. మా ఇద్దరికీ అన్నిటికన్నా నచ్చింది ఏటి ఆట. దాని అసలు పేరు ఇంగ్లీషులో ఏదో పొడుగ్గా ఉంటుంది. మేము మాత్రం ఏటి ఆట అనేవాళ్ళం.

అందులో ఒక ఏరు ఉంటుంది. ఈ గట్టున నా ఇల్లు, ఆ గట్టున ఇంకొకరి ఇల్లు. మేమిద్దరం జత కట్టుకున్నాం కాబట్టి, నాకు ఆ గట్టు ఇల్లు మా చెల్లిదే. పెరట్లో మొక్కలు పెంచుకోవచ్చు, కుండలు చేసుకోవచ్చు, ఇసుకలో గవ్వలు ఏరుకోవచ్చు. రోజుకి ఒక్కసారి పడవ బయల్దేరుతుంది. అందులో ఒక్క వస్తువే పెట్టాలి. పొద్దున్నే అవతలివాళ్ళు దాన్ని తీసుకుని, తమది ఏదో పెట్టి తిప్పి పంపుతారు. పేర్లుండవు, మాట్లాడటానికి వీలుండదు, రాయడానికీ ఉండదు. గెలుపూ లేదు. దాన్ని తయారుచేసింది ఎక్కడో చలిదేశంలో ఉండే మొగుడూ పెళ్ళామూ. ఆడేవాళ్ళు మహా అయితే ఒక పెళ్ళి పందిట్లో సరిపోతారు. ఇంత మంచి ఆటని ఇంతమందేనా ఆడేది అని నాకు కడుపు మండేది.

స్థానిక ఎన్నికలు వచ్చాయి. నాన్నదొక పార్టీ, మామయ్యదొక పార్టీ. అమ్మ బతికున్నప్పుడు తమ్ముడికీ మొగుడికీ మధ్య అడ్డం పడి సర్దిచెప్పేది. అమ్మ పోయాక ఆ పని చేసేవాళ్ళు లేరు. పోలింగు రోజు బడి దగ్గర రాళ్ళు పడ్డాయి. మావాళ్ళలో ఒకాయనకి తల పగిలింది. నాన్న దగ్గరుండి కేసు పెట్టించాడు. మా పల్నాడులో కేసు రాయించేటప్పుడు కొట్టినవాళ్ళ పేర్లతో ఆగరు. ఆ ఇంటి మగవాళ్ళందరినీ కలుపుతారు. అట్లా మామయ్య పేరుతో పాటు, చెల్లి మొగుడు, గొడవ ఆపబోయి చొక్కా చింపుకున్న మా మరిది పేరు కూడా ఎక్కింది. అంటే మా నాన్న సొంత అల్లుడి మీద కేసు పెట్టాడు.

జామీను తెచ్చుకుని ఇంటికొచ్చిన రోజే మామయ్య చెల్లిని పిలిచి, పిల్లాడి తల మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకున్నాడు. కేసు రాజీ అయ్యేదాకా పుట్టింటి మనిషితో మాట్లాడకూడదు, ఫోను చెయ్యకూడదు, మెసేజ్ పెట్టకూడదు. కన్నబిడ్డ మీద ఒట్టు. మా చెల్లి ప్రాణం పోయినా తప్పదు.

ఆ సంగతి తెలియక నేను ఊరెళ్ళాను. వాటర్ ప్లాంట్ దగ్గర చెల్లి క్యాను పట్టుకుని నిలబడింది. దగ్గరికి వెళ్ళి ఏమేవ్ అన్నాను. కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుంది, కిందకి చూసింది, క్యాను అక్కడే వదిలేసి పిల్లాణ్ణి చంకనేసుకుని వెళ్ళిపోయింది. వెనకున్న ఒక పిన్ని ఒట్టు గురించి చెప్పింది. బస్సులో తిరిగొస్తూ, చున్నీ అడ్డం పెట్టుకుని ఏడ్చాను.

మర్నాడు పొద్దున్నే, అలవాటు కొద్దీ ఏటి ఆట తెరిచాను. నా గట్టున పడవ ఆగి ఉంది. అందులో వెలిగించిన దీపం ఉంది.

ఒట్టులో మాట ఉంది, ఫోనుంది, మెసేజ్ ఉంది. ఏరు లేదు. మా చెల్లి ఎంత లెక్కగా ఆలోచించి ఆ పడవ పంపిందో ఇప్పటికీ తలుచుకుంటుంటాను.

అప్పట్నుంచీ ఆ పడవే మాకు మిగిలింది. ఏది పంపితే ఏమని అర్థమో మేమెప్పుడూ అనుకోలేదు, ఉన్నకొద్దీ అదే తెలిసిపోయింది. బంతిపూలొస్తే ఇంట్లో అంతా బాగున్నట్టు. ఉప్పు వస్తే ఆరోజు మామయ్య ఏదో అన్నట్టు. ఒకసారి వరసగా ఖాళీ కుండలు వచ్చాయి, నాకు కాలూ చెయ్యీ ఆడలేదు. తర్వాత చిన్న గవ్వ వచ్చింది. పిల్లాడికి జ్వరం వచ్చి తగ్గిందని ఊళ్ళోవాళ్ళ ద్వారా తెలిశాక, ఓహో అదా అనుకున్నాను. నేను దానికి చింతచిగురు పంపేదాన్ని. ఆటలో అది చింతచిగురు కాదు, ఏదో ఆకు. అయినా దానికి తెలుస్తుంది.

ఇట్లా నడుస్తుండగా ఆట తెరవగానే ఒక నోటీసు కనిపించింది. ఆడేవాళ్ళు మరీ తక్కువయ్యారనీ, సర్వర్ ఖర్చులు భరించలేకపోతున్నామనీ, ఇట్లాగే ఉంటే వేసవి దాటాక మూసేస్తామనీ, క్షమించమనీ రాశారు ఆ మొగుడూ పెళ్ళామూ. అది మూతపడితే మా చెల్లి ఉందో లేదో కూడా నాకు తెలియదు.

అంతకుముందు సరదాకి ఆటలు చెప్పేదాన్ని. ఇప్పుడు ప్రాణం మీదికొచ్చినట్టు చెప్పాను. క్లాసులో పాఠం అయ్యాక చెప్పాను. అపార్ట్‌మెంట్ వాళ్ళ గ్రూపులో పెట్టాను. ఎడ్లపాడు పెళ్ళిలో వడ్డన మధ్యలో ఆడపడుచుల ఫోన్లు లాక్కుని ఎక్కించాను. మల్లమ్మ సెంటర్ వైపు ఫోన్లు బాగుచేసే భాయ్ ఒకాయన ఉన్నాడు, మా ఇంట్లో ఫోన్లన్నీ ఆయన దగ్గరికే వెళ్తాయి. ఆయన ఆట చూసి, "చానా నెమ్మదిగా ఉందక్కా, మనసుకి బాగుంది. వచ్చినోళ్ళకి చెప్తాలే" అన్నాడు. చెప్పాడు కూడా. నా మాట విని ఎక్కించుకున్నవాళ్ళలో సగంమంది రెండో రోజుకే తీసేశారు. మా ఫిజిక్స్ సారు ఎక్కించుకోనే లేదు.

నాన్న వాయిదాలకి నరసరావుపేట కోర్టుకి వస్తాడు. వచ్చినప్పుడల్లా భోజనం మా ఇంట్లోనే. ఒక వాయిదా రోజు నేను ఫోనులో ఎవరినో బతిమాలుతుంటే విని, ఏందే అది అన్నాడు. ఆడేవాళ్ళు లేక ఒక ఆట మూసేస్తున్నారని చెప్పాను. చెల్లి సంగతి చెప్పలేదు. ఆయన నోట పడితే పార్టీ ఆఫీసుకి, అక్కణ్ణుంచి మామయ్యకి చేరుతుందని భయం.

పెరుగన్నం కలుపుకుంటూ, "ఎంతమంది కావాలి?" అన్నాడు.

నవ్వొచ్చింది. సభకి జనాన్ని అడిగినట్టు అడిగాడు. "ఎంతమందైతే అంత మంచిది నాన్నా" అన్నాను. ఇంకేమీ ఆలోచించలేదు.

ఆయన ఊరెళ్ళి నిజంగానే జనాన్ని కదిలించాడు. మా పెద్దమ్మాయి పని, అందరూ ఎక్కించుకోండి అన్నాడట. మా ఊళ్ళో, పక్క ఊళ్ళల్లో, దాచేపల్లి ఫ్యాక్టరీలో పనిచేసే మావాళ్ళ ఫోన్లలో, అన్నిట్లోకీ ఏటి ఆట వెళ్ళిపోయింది. ఆ పల్లెల్లో మనుషులు పొద్దున్నే లేచి పడవల్లో గుమ్మడికాయలు పంపుకుంటున్నారంటే నాకు సంతోషం పట్టలేదు. ఎప్పుడూ నలుగురి నోటా నానని ఆట మా పల్నాడులో ఆడుతున్నారు. కొన్నాళ్ళకి కొత్త నోటీసు వచ్చింది. ఎక్కడెక్కడివాళ్ళో వచ్చి చేరుతున్నారు, మూసే ఆలోచన మానుకున్నాం, మీకు రుణపడి ఉంటాం అని.

ఆరోజే చెల్లి పడవ రాలేదు.

మర్నాడూ రాలేదు. పడవ లేక, దానికి పంపుదామని పెట్టుకున్న ఆకు నా గట్టునే ఉండిపోయింది. ఒంట్లో బాగాలేదా, పిల్లాడికేమన్నా అయిందా, ఇల్లంతా తిరుగుతూ నానా రకాలుగా అనుకున్నాను. ఎవరినీ అడగలేను.

తర్వాతి వాయిదా రోజు కాలేజీకి సెలవు పెట్టి కోర్టు దగ్గరికి వెళ్ళాను. గేటు బయట మా మరిది ఒక్కడే నిలబడి ఉన్నాడు. నా వంక చూడకుండా, పక్కకి తిరిగి ఫోను చూసుకుంటున్నట్టు నటిస్తూ మాట్లాడాడు.

"పిల్లాడు బాగున్నాడు వదినా. అదీ బాగానే ఉంది. మీవోళ్ళు పడవలకి మీ పార్టీ రంగు కట్టారుగా."

నాకర్థం కాలేదు. తన ఫోను కొంచెం నా వైపు తిప్పాడు. ఎవరిదో స్టేటస్. ఏటి ఆటలో పడవకి తెరచాప గుడ్డ రంగు మనకి నచ్చింది పెట్టుకోవచ్చు. మావాళ్ళందరూ ఒకే రంగు పెట్టారు. పడవలన్నీ వరసగా చేర్చి, మన ఊరు మన ఏరు అని పైన రాసుకున్నారు.

మా ఊళ్ళో టీ కొట్టుకి పార్టీ ఉంది. వాటర్ ప్లాంటుకుంది. క్షవరం చేసేచోటికీ ఉంది. అక్కడే పుట్టి పెరిగి, ఆటకి మాత్రం ఉండదని ఎట్లా అనుకున్నానో.

"అది మీ పార్టీ ఆట అని ఊరంతా అయిపోయింది" అన్నాడు మరిది. "ఎవురి ఫోనులో ఉన్నా తీసెయ్యమన్నాడు మా నాన్న. దాని ఫోను అడిగి తీసుకుని చూశాడు. ఆయన చేత్తోనే తీసేశాడు. నాకు మొదట్నుంచీ తెలుసు వదినా. పొద్దున్నే లేచి పడవ చూసుకునేది. నేనేం అనలా."

లోపల్నుంచి ఎవరో పిలిచారు. వెళ్ళిపోయాడు. చెప్పినందుకు దండం పెట్టేదాన్ని, నిలబడి ఉంటే.

ఆరోజు మధ్యాహ్నం నాన్న అన్నానికి వచ్చాడు. కంచం ముందు కూర్చోబెట్టి, మొత్తం చెప్పాను. దీపం, ఉప్పు, గవ్వ, ఖాళీ కుండలు. వింటూ వింటూ ముద్ద కిందపెట్టేశాడు.

"ఈ మాట నాకు ముందే చెప్పొద్దటే?"

"చెప్తే నీ నోట్లో ఆగిద్దా?"

కంచం పక్కకి జరిపాడు. "మనోళ్ళందరి చేతా తీసేయిస్తా. అప్పుడది ఎవరి ఆటా కాదుగా" అన్నాడు.

"తీసేస్తే మళ్ళీ ఆడేవాళ్ళు లేక మూసేస్తారు. ఉంచితే మన ఆటని వాళ్ళు ముట్టుకోనియ్యరు."

"మరేం జెయ్యమంటావే?"

ఇన్నేళ్ళుగా ఎంతమందికి ఎన్ని ఆటలు చెప్పానో. ఒక్కరూ నోరు తెరిచి, ఏం చెయ్యమంటావని నన్ను అడగలేదు. "రాజీకి ఒప్పుకో నాన్నా" అన్నాను. "అల్లుడి పేరన్నా తీయించు."

చెయ్యి కడుక్కుని తువ్వాలుతో తుడుచుకున్నాడు. "ఒప్పుకుంటే మనోళ్ళు నన్ను ఏమంటారో తెలుసా నీకు?"

"నీ కూతురు ఏమనుకుంటందో తెలుసా నీకు?"

"తెలవదు" అన్నాడు. ఎప్పుడూ ఎవరికీ తెలవదని చెప్పని మనిషి. నాకు జాలి వేయాల్సింది, కోపమే వచ్చింది. ఆ కోపంలో లేచి వెళ్ళబోతుంటే నా ఫోను అడిగాడు. ఏటి ఆట తెరిచి ఇచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని, అవతలి గట్టున మూసి ఉన్న ఇంటి వంక చూశాడు.

"నేను కూడా ఇది నేర్చుకునుంటే, నాకేమన్నా పంపేదా అది?"

"పంపేది నాన్నా."

తలూపి ఫోను తిరిగిచ్చేశాడు. సంచి భుజాన వేసుకుని, గురజాల బస్సుకి టైమవుతోందని చెప్పులు తొడుక్కున్నాడు. మెట్ల దాకా వెంట వెళ్ళాను. వచ్చే వాయిదాకి కొంచెం పొద్దున్నే వస్తానన్నాడు. రాజీ మాట మాత్రం ఎత్తలేదు.