పై మెట్లు మామయ్యవి

మొన్న ఆదివారం డిగ్రీ చదువుతున్న మా అమ్మాయి తన ఫోనులో పదాల నిచ్చెన అనే ఆట చూపించి, రోజుకొకటి వస్తుందమ్మా, నీకు మతిమరుపు రాకుండా ఉంటుంది అంటూ నా చేతిలో పెట్టింది. యాభై దాటగానే పిల్లలకు మన మతి మీద ఎక్కడలేని బెంగ పుట్టుకొస్తుంది, మీ ఇళ్లలోనూ ఇంతేనేమో. నేను కళ్లజోడు సవరించుకుని, అలవాటుగా అడుగున ఉన్న ఖాళీ గడి మీద వేలు పెడితే ఫోను ఒప్పుకోలేదు. పై నుంచే రావాలట. నిచ్చెన అన్నాక కింద నుంచి కదా ఎక్కేది అని నేను దబాయించాను. నీకు ఇట్లా తలకిందులుగా ఆడడం ఎవరు నేర్పారమ్మా అని అది నవ్వింది.

ఆ ఆట ఎరగనివాళ్లకు చెబుతాను. పైన ఒక మాట, అట్టడుగున ఒక మాట ఇస్తారు. మెట్టుకొక్క అక్షరమే మారుస్తూ, ప్రతి మెట్టు మీదా అర్థమున్న మాటనే నిలబెడుతూ ఈ కొస నుంచి ఆ కొసకు చేరాలి. చిలక పిలక అవుతుంది, పిలక పలక, పలక పడక, పడక పడవ, ఆ పడవ చివరికి గొడవై కూర్చుంటుంది. ఆ రోజుల్లో ఇది పేపరు లోపలి పేజీలో ఒక మూలన వచ్చేది. జవాబు కావాలంటే మర్నాటిదాకా ఆగాల్సిందే.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లవి. పర్ణశాల వెళ్లే దారిలో, అడవి అంచున ఉన్న ఒక ఊళ్లో నేను మిషన్ బడి పంతులమ్మను. పెళ్లయి రెండేళ్లు నిండకుండానే నా భర్త వానాకాలపు మలేరియాతో పోయాడు. పిల్లలు లేరు, మా నాన్న అప్పటికే లేడు, ఎక్కడికి పోవాలో తెలియక అత్తమామల ఇంట్లోనే ఉండిపోయాను. మామయ్య కలప డిపోలో గుమాస్తాగా రిటైరైన మనిషి. ఆ ఇంట్లో కోడలు మామ ఎదుట కూర్చోదు, ఎదురుపడి మాట్లాడదు. ఆయనకు చెప్పాల్సింది నేను అత్తమ్మకు చెప్పేదాన్ని, నాకు చెప్పాల్సింది ఆయన గోడకు చెప్పేవారు. నా భర్త బతికున్నన్నాళ్లూ మాటలన్నీ అతని మీదుగానే నడిచాయి గనుక ఆ లోటు మాకు తెలియలేదు. అతను పోయాక ముగ్గురం ఒకే దుఃఖాన్ని తలో మూలా పెట్టుకుని కూర్చున్నాం.

ఒక సాయంత్రం బడి నుంచి వచ్చేసరికి వసారా కిటికీలో పేపరు మడిచి ఉంది, నిచ్చెన ఉన్న పేజీ పైకి కనబడేట్టు. పై మెట్లు రెండు ఆయన నింపారు, కిందివన్నీ ఖాళీ. పక్కన కొత్తగా చెక్కిన పెన్సిలు. మరిచిపోయి వదిలేశారనుకుని, ఊరికే, అడుగు నుంచి రెండు మెట్లు నేను రాశాను. మర్నాడు కూడా పేపరు అట్లాగే ఉంది, పెన్సిలు మళ్లీ చెక్కి ఉంది. ఇక అదే అలవాటైపోయింది. ఆయన పై నుంచి దిగేవారు, నేను కింద నుంచి ఎక్కేదాన్ని, నడిమి మెట్టు ఎవరికి తోస్తే వాళ్లది. ఒకసారి ఆయన రాసిన మాట నేనెన్నడూ విననిది, పక్కన ప్రశ్నార్థకం పెట్టాను. మర్నాడు దాని కింద చిన్న అక్షరాలతో, మా దిక్కు అంటరు, అని జవాబు. చాలా నెలల తర్వాత నేను పైకి నవ్వింది ఆ రోజే. గోదావరి పొంగి రోడ్డు మునిగితే పేపరొచ్చేది కాదు. అప్పుడాయన పాత కాగితం మీద సొంతంగా ఒక నిచ్చెన గీసి పెట్టేవారు. దాని రెండు కొసలూ ఏనాడూ కలిసేవి కావు, అయినా కుస్తీ పట్టేదాన్ని. మీరిద్దరు పేపర్ల ముచ్చట పెట్టుకుంటరు, నాకేమో అక్షరం రాకపాయె, అని అత్తమ్మ దెప్పేది.

ఇట్లా సాగుతుండగా పాస్టరుగారు ఒక సంబంధం తెచ్చారు. బోనకల్‌లో మాస్టారు, భార్య పోయిన మనిషి. అత్తమ్మ భగ్గుమంది. కొడుకు పాయె, గీ పిల్లను గూడ పంపి మనం గోడలు చూసుకుంట కూసోవాల్నా, అని ఏడ్చింది. మామయ్య ఔననలేదు, కాదనలేదు. నాకూ ఏమీ తోచలేదు. నిజం చెప్పాలంటే, ఉండిపొమ్మని ఆయన ఒక్క మాట అంటే ఉండిపోయేదాన్ని. ఆ మాట కోసమే కాచుకుని ఉన్నాను.

తర్వాత ఒక రోజు బడి నుంచి వచ్చి చూస్తే నిచ్చెన మొత్తం నింపేసి ఉంది. నాకని ఒక్క మెట్టూ మిగల్చలేదు, పెన్సిలు కూడా లేదు. ఆ రోజు ఇచ్చిన మాటలేమిటో ఎంత తలచుకున్నా గుర్తుకు రావు. నన్నిక పొమ్మంటున్నారని మాత్రం అర్థమై, వంటింట్లోకి పోయి కుళ్లికుళ్లి ఏడ్చాను. అంత కోపం నాకు ఎవరి మీదా రాలేదు. చీకటి పడుతుండగా ఆయన వంటింటి గడప దగ్గరకు వచ్చి, మొదటిసారి గోడతో కాకుండా నాతో మాట్లాడారు.

"పొమ్మంటలేనమ్మా. నువ్వుంటె మాకు మంచిగనె ఉంటది. గందుకే నాకు భయమైతుంది."

బోనకల్ మాస్టారితో పెళ్లిలో నాన్న స్థానంలో నా చెయ్యి పట్టుకుని నడిపించిందీ ఆయనే. బోనకల్ వాళ్లు మంచివాళ్లు, నన్ను ఒక్క మాట అనలేదు. కానీ ఇంకా ఆ ఇంటికి రాకపోకలేమిటన్న చూపు ఒకటుంటుంది కదా, అది ఉండేది. మొదట పండుగకు వెళ్లాను, తర్వాత అమ్మాయి పుట్టింది, తర్వాత ఫోను పలకరింపులే మిగిలాయి, అవీ అత్తమ్మతోనే. మామయ్య పోయిన కబురు, ఆయన్ను మట్టి చేసిన నాలుగు రోజులకు పాస్టరుగారు చెబితే తెలిసింది. కబురు పంపాల్సిన చుట్టాల్లో నేను లేను. ఎవరిని తప్పుపట్టను, నేను వాళ్లకేమవుతానని పంపుతారు?

వెళ్లాను. అత్తమ్మ నన్ను పట్టుకుని వసారాలోకి తీసుకెళ్లింది. కిటికీ వైపు చూపించింది. నువ్వు పోయినంక గూడ గాయిన సగమే రాస్తుండె బిడ్డా, కింద ఇడిచిపెడ్తుండె. పూర్తిగ రాయరాదా అంటె, నావి గంతవరకే అనేటోడు.

ఇప్పుడు కోడళ్లు మామల ఎదుట కుర్చీలో కూర్చుని చాయ్ తాగుతూ నవ్వుతూ మాట్లాడుతున్నారు. చూస్తే కళ్లకు చల్లగా ఉంటుంది. మాకా భాగ్యం లేకపోయింది, పెన్సిలుతోనే సరిపెట్టుకున్నాం. ఫోనులో నిచ్చెన ఒక్కరే ఆడుకోవాలి, తట్టకపోతే అదే చెప్పేస్తుంది, రేపటిదాకా ఆగనక్కర్లేదు.

ఎవరు నేర్పారమ్మా అని మా అమ్మాయి మళ్లీ అడిగింది. మామయ్య అందామంటే, ఆ మాట ఏనాడో బోనకల్‌లోని దాని తాతగారిదైపోయింది. నా చెయ్యి పట్టుకుని నడిపించి, తన ఇంటిని ఖాళీ చేసుకున్న మనిషిని ఇప్పుడు ఏమని చెప్పను? ఫోను దానికిచ్చేసి, ఒకాయన, అన్నాను.