మిగిలిపోయిన పచ్చ వైరు

మా వాషింగ్ మెషీన్ బెల్టు నేనే మార్చానని ఇప్పుడు ఎవరి దగ్గరా గొప్పలు చెప్పుకోను. ఒకసారి చెప్పుకున్న రోజే నాకు ప్రాణం పోయినంత పనయింది.

ప్రొద్దుటూరు బోరు నీళ్లకు మెషీన్లు ఎక్కువ కాలం నిలవవు. మా దాంట్లో నీళ్లు బయటికి నెట్టే పంపు సున్నం పట్టి బిగుసుకుంది, బెల్టు పగుళ్లిచ్చింది. మెకానిక్ రేపూ మాపూ అని రోజులు నెడుతుంటే ఒళ్లు మండి, ఆ రెండూ నేనే కొనుక్కొచ్చి, ఫోన్లో వీడియో చూస్తూ వెనక రేకు విప్పాను. ఆ బుధవారం సాయంత్రం మెషీన్ చప్పుడు లేకుండా తిరిగింది. ఒక పచ్చ వైరు మాత్రం ఎక్కడ బిగించాలో తెలియక మిగిలిపోయింది. అది లేకుండానే తిరుగుతోంది కదా అని మడిచి టేపు చుట్టేశాను. మా అత్తను పిలిచి మరీ చూపించాను.

శనివారం జమ్మలమడుగులో, నేను పాఠాలు చెప్పే బడిలో, ఇంటర్వెల్‌లో ఇదంతా చెబుతుంటే సైన్సు సారు టీ గ్లాసు కింద పెట్టాడు.

"పచ్చ వైరు వదిలేసినారా మేడమ్? అది ఎర్త్ కదా! లోపల యాడన్నా కరెంటు లీకైతే, తడిచేత్తో తాకినోళ్ల గతి ఏంది?"

ఆ రోజు శనివారమని గుర్తొచ్చింది. ఆదివారం చర్చికి కట్టుకునే తెల్లచీరను మా అత్త శనివారమే ఉతుక్కుంటుంది. మెషీన్ మీద ఆమెకు నమ్మకం లేదు. మధ్యలో మూత తెరిచి, చీర బయటికి లాగి, పక్కనున్న బండ మీద మళ్లీ జాడిస్తుంది. కాళ్లకు చెప్పులుండవు, మోచేతుల దాకా తడి.

ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను. పులివెందులలో డ్యూటీలో ఉన్న మా ఆయన ఫోన్ కలవలేదు. పక్కింటివాళ్లు ఖాజీపేటలో పెళ్లికి పోయారు. అనుమతి అడిగి ప్రొద్దుటూరు బస్సెక్కాను. కిటికీ ఊచ తగిలినా ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ప్రార్థన కూడా కుదురుగా రాలేదు. ఆమెను నేనే చంపేశానేమో! ఆయనకు ఏ ముఖంతో చెప్పాలి?

గేటు తోసి, ముందు వరండాలో మెయిన్ ఆపాను. "అత్తా!" అని అరిచాను. బకెట్లో కుళాయి నీళ్లు ధారగా పడుతున్న చప్పుడొక్కటే వినిపిస్తోంది. పెరట్లోకి పరిగెత్తాను.

అత్త మెషీన్ ముందే ఉంది. చెక్కపీట మీద నిలబడి, కట్టెతో చీర పైకి లాగుతోంది.

"కరెంటు పోయింది పాపా. నువ్వేంది, ఇంత బిరీన వచ్చినావు?"

ఆమెను గట్టిగా పట్టుకుని ఏడ్చేశాను. ఏడుపు ఆగాక, ఆ పీట ఎందుకని అడిగాను.

"బుధవారం నుంచి తాకితే జుమ్మంటాంది. పీట మింద నిలబడి కట్టెతో తీస్తే ఏం కాల్యా."

"మరి నాకు చెప్పాలి కదా అత్తా!"

"ఎట్ల చెప్పేది? నువ్వే బాగుచేసినావని ఆ పొద్దు శానా సంబరపడితివి."