మతం పీరియడ్

ఆ హెడ్‌మాస్టర్ గుర్తొస్తే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. తొంభైల మొదట్లో గల్ఫ్‌లోని అల్ మవాలేలో, అద్దె విల్లాలో నడిచే ఒక ప్రైవేటు స్కూల్లో టీచరుగా చేసేదాన్ని. మా ఆయన పనిచేసే కంపెనీలోకి జపాన్ నుంచి, కొరియా నుంచి ఇంజనీర్లు వచ్చేవాళ్లు. వాళ్ల పిల్లలు కొందరు మా స్కూల్లో చదివేవాళ్లు. ముస్లిం పిల్లలు ఇస్లాం పాఠానికి అరబిక్ టీచరు దగ్గరికి వెళ్లే గంటలో ఈ పిల్లల్ని నాకు అప్పగించారు. హెడ్‌మాస్టర్ నా చేతికో బొమ్మల పుస్తకం ఇచ్చి, వీళ్లంతా బౌద్ధులు, బుద్ధుడి గురించి చెప్పి దండం పెట్టడం నేర్పమన్నాడు. ముఖాలు ఒకేలా కనబడ్డాయి కాబట్టి దేవుడూ ఒకడే అయ్యుంటాడని ఆయన లెక్క. పిల్లల్ని అడుగుదామన్న ఇంగితం కూడా లేదు.

నేను అడిగాను. జపాన్ పిల్లాడు తమకసలు మతమే లేదన్నాడు. కానీ కొత్త సంవత్సరానికి గుడికెళ్లి చప్పట్లు కొట్టి మొక్కుతారట. తాత ఫోటో ముందు రోజూ అన్నం పెడతారట. ఇవన్నీ ఎవరు నేర్పారంటే నా వైపు వింతగా చూశాడు. అమ్మ చేస్తుంటే పక్కన నిలబడి చేశాడు, అంతే. కొరియా అమ్మాయి సంగతి వేరు. శుక్రవారం సెలవునాడు అక్కడి కొరియావాళ్లు నలుగురూ కూడి ప్రార్థన చేసుకునేవాళ్లు. బైబిల్ వాక్యాలు ఆమెకు కంఠతా వచ్చు. ఏం చేయకూడదో చెప్పి మరీ పెంచారు. వాళ్ల నాన్న క్రైస్తవుడయ్యాక, సొంత తండ్రి తద్దినానికి నేలకు తల ఆనించి మొక్కనన్నాడట. అన్నలు ఆయన్ని మళ్లీ గడప తొక్కనివ్వలేదట. ఆ ఇంట్లో తల వంచడమంటే ఎంత మాటో ఆ చిన్నపిల్లకు తెలుసు.

ఇదంతా హెడ్‌మాస్టర్‌కు చెప్పాను. ఆయన విసుక్కున్నాడు. తల్లిదండ్రుల్ని పిలిచే రోజున పిల్లలంతా బుద్ధుడి పటం ముందు వంగి దండం పెట్టాల్సిందే, కుదరదన్నవాళ్లు ఇంకో స్కూలు చూసుకోవచ్చు అన్నాడు. చుట్టుపక్కల ఇంకో స్కూల్లో వాళ్లకు సీటు దొరకదని తెలిసే అన్నాడు.

ఇంటికొచ్చి మా ఆయన దగ్గర మండిపడ్డాను. మాది నిజామాబాద్ వైపు. ఆయన తాపీగా అన్నం కలుపుకుంటూ, "దండం వెడితె ఏం వోతదే? నీకెందుకు గా లొల్లి?" అన్నాడు.

"రేపు మీ ఫోర్‌మన్ వచ్చి, నీది గాని దేవునికి మొక్కితెనే డ్యూటీ ఇస్త అంటె మొక్కుతవా?"

ఆయన పప్పు గిన్నె దగ్గరికి లాక్కున్నాడు. నాకు ఆయన మీదా కోపమొచ్చింది. మత్రా బజారు నుంచి తెచ్చుకున్న అగరువత్తులు మా రూములో నిమ్మళంగా వెలిగించుకుంటున్నాం. ఒక్కరైనా వచ్చి అదేమిటని అడగలేదు. ఆ మాత్రం నిమ్మళం ఆ పిల్లకు ఉండొద్దా?

ఆ రోజు రానే వచ్చింది. జపాన్ పిల్లాడు తనకు అలవాటైన పనే కాబట్టి హాయిగా వంగాడు. వాళ్లమ్మ మురిసిపోయింది. కొరియా అమ్మాయి మాత్రం నిటారుగా నిలబడింది. వాళ్ల నాన్న దూరాన సమాయిల్‌లో కంపెనీ సైట్‌లో ఉన్నాడు, తల్లికి ఒంట్లో బాగాలేదు. ఇద్దరూ రాలేదు. హెడ్‌మాస్టర్ నవ్వు చెదరకుండా దగ్గరికొచ్చి, ఆమె మెడ వెనక చెయ్యి వేసి కిందికి వంచాడు. నేను వెళ్లి ఆ చెయ్యి లాగేసేలోపు ఫోటో తీయడం అయిపోయింది.

కొద్దిరోజులకే ఆ ఫోటో ఆఫీసు గోడకెక్కింది. హెడ్‌మాస్టర్ నిలబడ్డ వైపు కత్తిరించేశారు. ఆయన చెయ్యి ఆ పిల్ల జుట్టు చాటున పోయింది. చూసేవాళ్లకు భక్తిగా వంగిన అమ్మాయే కనబడుతుంది. అది చూసినప్పుడు నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు.

ఒకరోజు కూతుర్ని తీసుకెళ్లడానికి వచ్చిన తండ్రి ఆ ఫోటో ముందు ఆగిపోయాడు. తమ భాషలో కూతుర్ని ఏదో అడిగాడు. ఆ పిల్ల నేల చూపులు చూస్తూ నిలబడింది. జరిగింది ఇంట్లో చెప్పుకోలేకపోయిందని నాకప్పుడు అర్థమైంది. ఆయన నా వైపు తిరిగి, తన కూతురు మొక్కిందా అని ఇంగ్లీషులో అడిగాడు. నేను నోరు తెరిచేలోపే హెడ్‌మాస్టర్ కుర్చీలోంచి, పిల్లలంతా చక్కగా మొక్కారని చెప్పాడు.

నేను ఫోటో గోడ మీంచి తీసి బల్ల మీద పెట్టాను.

"లేదు. మీ అమ్మాయి మొక్కలేదు. ఈయన మెడ పట్టి వంచాడు. నేను అక్కడే ఉన్నాను."

నా ఉద్యోగం పోయిందని హెడ్‌మాస్టర్ ముఖంలోనే తెలిసింది. పోతే పోయింది. అప్పటిదాకా తండ్రి వైపు చూడలేకపోయిన ఆ పిల్ల తలెత్తింది.