ఏడు తరాలు ఏలిన మా మేనత్త

మా మేనత్తకు సోఫాలు, కుర్చీలు బాగుచేసే దుకాణం ఉంది. మధ్యాహ్నం భోజనమయ్యాక షట్టర్ సగం దించి, వెనక గదిలో పాత కంప్యూటర్ ముందు కూర్చుని రాజ్యాలు ఏలేది. అరవై రెండేళ్ళ మనిషి! మేమంతా రాజమాత అని ఏడిపించేవాళ్ళం. ఆవిడ తల కూడా తిప్పేది కాదు.

ఆమె ఆడేవి రెండు ఆటలు. రెండింట్లోనూ కోటలు, సామంతులు, పెళ్ళిళ్ళు, వెన్నుపోట్లు. తరతరాలపాటు ఒక వంశాన్ని నిలబెట్టాలి. మరి తేడా ఏమిటని అడిగి ఇరుక్కుపోయాను.

"రెండో దాంట్లో నువ్వు అందరికీ పైన కూర్చుంటావురా. రాజు పోతే ఇంకో రాజు. నీకు చీమ కుట్టినట్టైనా ఉండదు. మొదటిదాంట్లో అలా కాదు. రాజు పోగానే నువ్వే వాడి వారసుడివైపోతావు. ఆ ముసలాడి నిర్వాకమంతా నీ నెత్తిన పడుతుంది."

ఏడు తరాల్లో ఎవరు ఎవరికి అల్లుడో, ఎవరు ఎవరికి విషం పెట్టారో తడుముకోకుండా చెబుతుంటే నోరెళ్ళబెట్టి విన్నాను. సుత్తి తప్ప పుస్తకం పట్టి ఎరగని మనిషి ఆవిడ!

ఆ ఏడాది అత్త వేళ్ళు వణకడం మొదలైంది. దుకాణం ఎవరికో ఒకరికి రాసివ్వక తప్పదు. పదేళ్ళుగా పక్కనే కూర్చుని పని చేస్తున్నది కూతురు, మా వదిన. అత్త మాత్రం పెద్దవాడని కొడుక్కే ఇస్తానంది. బావ లారీ ఆఫీసులో గుమాస్తా. సుత్తి ఏ చేత్తో పట్టుకోవాలో కూడా తెలియదు. శుక్రవారం సంతకాలనుకున్నారు. వదిన ఎప్పటిలాగే కుర్చీలకు మేకులు కొడుతూనే ఉంది.

బుధవారం మధ్యాహ్నం, మొదటి ఆటలో, అత్త ఆడుతున్న ముసలి రాజు పోయాడు. సరిహద్దు కోటలన్నీ గెలిచిపెట్టిన కూతుర్ని పక్కనపెట్టి, అత్త అంతకుముందే అతని చేత కొడుకునే యువరాజుని చేయించింది. ఆ కొడుకు నెల తిరక్కుండా వేటలో గుర్రం మీద నుంచి పడి చచ్చాడు. కిరీటం చెల్లెలికి వచ్చింది. అంటే ఇప్పుడు అత్తే ఆ కూతురు.

ఆ పిల్లకు ఎవరి మీద ఎంత ఇష్టమో, ఎంత కోపమో తెర మీద అంకెల్లో వచ్చింది. తండ్రి బొమ్మ పక్కన మైనస్ అరవై. కింద కారణం: నన్ను కాదన్నాడు.

కొత్త రాజు రాగానే యుద్ధానికి దిగే తొందరలో, ఇన్నేళ్ళూ ఆ అంకె వంక అత్త చూడనే లేదట. మౌస్ వదిలేసింది. ముక్కూ మొహం తెలియని వాళ్ళెవరో చేసిన ఆటకు మా ఇంటి సంగతి ఎలా తెలిసిందా అని ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే.

అత్త లేచి ముందుగదిలోకి వెళ్ళింది. వదిన నోటి నిండా చిన్న మేకులు పెట్టుకుని, ఒక్కొక్కటే తీసి కుర్చీకి కొడుతోంది.

"నా మీద నీకెంత కోపముందే?" అంది అత్త.

వదిన మేకులన్నీ అరచేతిలోకి తీసుకుంది.

"ఇప్పుడా అడిగేది? సోమవారం నుంచి వేరే దుకాణంలో చేరుతున్నానమ్మా. నెల రోజులు చేస్తానని మాటిచ్చేశాను. తర్వాత సంగతి నాకే తెలీదు."

శుక్రవారం సంతకాలు వదిన పేరు మీదే అయ్యాయి. వదిన మాత్రం సోమవారం చెప్పినట్టే వెళ్ళిపోయింది. వస్తుందో రాదో తెలియక, ఆ నెలంతా అత్త వణికే వేళ్ళతో తనే మేకులు కొట్టుకుంటూ, షట్టర్ చప్పుడైనప్పుడల్లా తల తిప్పి చూసేది.