బంగారుపాళ్యంలో ఆగిన కంటైనర్

తిరుపతిలో కుర్చీలోంచి కదలకుండా బంగారుపాళ్యంలో ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీని తలకిందులు చేసిన ఘనుణ్ణి చూడాలని ఉందా? ఎక్కడికీ వెళ్లనక్కర్లేదు. మీరు చదువుతున్నది వాడి రాతే.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త. ఆ ఫ్యాక్టరీ కంప్యూటర్‌ని నేను తిరుపతి నుంచే ఫోన్ లైను మీద నడిపేవాణ్ణి. ఒకే ఇంటిని రెండు పోర్షన్లు చేసినట్టు, ఆ ఒక్క మిషన్‌నే రెండు మిషన్లుగా విడగొట్టాను. వాటిని మా వాళ్లు కంటైనర్లంటారు. మొదటిదాంట్లో కాటా లెక్కలు, రెండోదాంట్లో నా ప్రయోగాలు. ఈ విద్య జిల్లాలో నాకొక్కడికే వచ్చని కాలరెత్తుకుని తిరిగేవాణ్ణి.

కాయల కాలంలో ఒక పొద్దున నా ప్రయోగాల కంటైనర్ మిషన్ బలమంతా మింగేసింది. కాటా దగ్గర చీటీలు ఆగిపోయి ట్రాక్టర్లు హైవే దాకా బారులు తీరాయి. దాన్ని కట్టడి చేద్దామని బయటి దారి మూసే ఆజ్ఞ కొట్టాను. తీరా చూస్తే కొట్టింది అసలు మిషన్‌లో! ఫోన్ లైను మీద లోపలికెళ్లే నా దారే మూసుకుపోయింది. కూర్చున్న కొమ్మను నరుక్కున్నవాడు కనీసం చెట్టు మీదైనా ఉన్నాడు. నేను తిరుపతిలో కూర్చుని బంగారుపాళ్యంలో కొమ్మ నరికాను.

వెంటనే యార్డు సూపర్‌వైజర్ మస్తాన్‌కు ఫోన్ చేశాను. ఆపే పద్ధతి అక్కడి గుమాస్తాకు తెలుసు, ఈయన అతనికి చెబితే చాలనుకున్నాను.

"మస్తానన్నా, రెండో కంటైనర్ని ఆపించు!"

"రెండోదా? అది ఇప్పుడే కదలబోతా ఉండాది గదబ్బా."

"కదలనీయద్దు! దానివల్లే ఆడ అంతా ఇరుక్కునింది."

"అదీ నిజమేలే, దారికడ్డంగా ఉండాది." కాసేపటికి మళ్లీ, "ఆపేసినాం. డ్రైవరు గలాటా చేస్తా ఉండాడు."

డ్రైవరనేది కంప్యూటర్లోనూ ఒకటి ఉంటుంది లెండి. అందుకే ధీమాగా చెప్పాను. "డ్రైవర్ని పీకేసినా ఏం కాదు. ముందు కంటైనర్ ఖాళీ చేయించు."

"ఖాళీనా? నిండుగా ఉండాదే!"

"లోపలుండేదంతా చెత్తన్నా. నింపింది నేనే, నాకు తెలీదా?"

అవతల నిట్టూర్పు. "ఓనరుకు ఒక మాట..."

"ఆయనకెందుకు? బాధ్యత నాది!"

గంట తర్వాత ఫోన్ మోగింది. ఓనరు. "ఏమప్పా, మద్రాసు హార్బరుకు పోవాల్సిన నా గుజ్జు చెత్తని చెప్పింది నువ్వేనా?"

దొరికిన బస్సెక్కి పడుతూ లేస్తూ అక్కడ దిగేసరికి, ఆ రోజు రెండోదిగా బయల్దేరాల్సిన పెద్ద కంటైనర్ లారీ తలుపులు బార్లా తెరుచుకుని ఉంది. డ్రమ్ములన్నీ పెళ్లి విడిదిలో చుట్టాల్లా యార్డంతా పరుచుకున్నాయి. లారీ డ్రైవరు నన్ను ఎగాదిగా చూశాడు.

"నన్ను పీకేసినా ఏం కాదనింది ఈయప్పేనా?"

ఓనరు కోపంగా మొదలుపెట్టాడు గానీ, నేను జరిగింది చెబుతుంటే ఆయన పొట్ట అదరడం మొదలైంది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాడు. "లారీ సాయంత్రానికి పోయినా ఓడ అందుకుంటాదిలే. ముందు నీ కంటైనర్ ఆపు, తర్వాత నా కంటైనర్ నింపు!"

కీబోర్డు ముందు కూర్చుని ఒక్క వరుస కొట్టాను. నా ప్రయోగాలు ఆగాయి. కాటా చీటీ గరగరమంటూ బయటికొచ్చింది. మస్తాన్ నోరు తెరిచి చూశాడు.

"ఇంతేనా? ఈ మాత్రానికి లారీ ఖాళీ చేయించాల్నా అబ్బా?"

చొక్కా విప్పి హమాలీల పక్కన డ్రమ్ములు దొర్లిస్తూ, ఏడుకొండలవాడి సాక్షిగా ఒట్టేసుకున్నాను: హైవే పక్కనుండే ఏ ఊరికీ ఫోన్ చేసి కంటైనర్ అనే మాట ఎత్తను. తప్పనిసరైతే బస్సెక్కి వెళ్లి, వేలు పెట్టి చూపిస్తాను.